వడియమా, గారెనా? ఒక గిటారు పికప్‌తో గోదావరి జిల్లాల్లో

మా అనంతపురంలో ఒకరికి ఏదైనా నచ్చలేదంటే ఆ సంగతి కనిపెట్టడానికి తెలివితేటలు అక్కర్లేదు. టీ బాగోలేకపోతే గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ఏందప్పా ఇది, కడుగు నీళ్ళా?" అంటారు. నలభై అయిదేళ్ళు ఆ మాటలకు అలవాటుపడిన చెవులతోనే నేను గోదావరి జిల్లాలకు వెళ్ళాను. వెళ్ళిన పని చిన్నది. ఒక మిత్రుడి ఎలక్ట్రిక్ గిటారుకి పికప్ మార్చడం. చెవులు మార్చుకోవలసింది నేనని తెలియడానికి రెండు జిల్లాలు తిరగాల్సి వచ్చింది.

గిటారు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. అదే పికప్. అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటాయి. పైన తీగ ఊగితే ఇక్కడ కరెంటు పుడుతుంది, అది పెద్దదై స్పీకర్లో పాటవుతుంది. ఒకటే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్, పక్కపక్కన రెండుంటే డబుల్ కాయిల్. సింగిల్ కాయిల్ గొంతు పొడిగా, చురుగ్గా ఉంటుంది. కానీ దానికొక జబ్బు ఉంది: చుట్టుపక్కల మోటార్లు, ట్యూబులైట్లు ఏవున్నా వాటి రొద కూడా మింగి స్పీకర్లో కక్కుతుంది. డబుల్ కాయిల్లో ఒక చుట్ట మింగినదాన్ని రెండోది కొట్టేస్తుంది, అందుకే నిశ్శబ్దంగా ఉంటుంది. గొంతు మాత్రం కాస్త మందం.

నా సంచిలో ఈ రెండు రకాల్లోనూ ఒక్కొక్కటి ఉన్నాయి. బెంగుళూరులో విరిగిన గిటార్లలోంచి ఊడదీయించి తెచ్చినవి.

రాజమండ్రి

ప్లాట్‌ఫాం మీద సత్తిబాబు నాకన్నా ముందు నా సంచిని అందుకున్నాడు. ముప్పై దాటినవాడు, సన్నటి మనిషి. పెళ్ళిళ్ళకూ జాతరలకూ తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. రెండేళ్ళ కిందట బెంగుళూరులో గిటార్లు బాగుచేసే కొట్లో కలిశాడు. జమైకా దీవిలో పుట్టిన రెగ్గే సంగీతం క్యాసెట్ ఒకటి ఆ రోజు నా దగ్గరుంటే వినిపించాను. మనం తాళం వేసే చోట అందులో గిటారు ఊరుకుంటుంది. రెండు తాళాల మధ్య ఖాళీలో మాత్రం ఒక్కసారి 'చక్' మని నోరు మూసుకుంటుంది. సత్తిబాబు ఆ 'చక్'ని మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని విన్నాడు. అప్పట్నుంచి నన్ను గురువుగారూ అంటాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు. అనాల్సింది.

"ముందు రోజ్ మిల్క్ పుచ్చుకోండి గురువుగారూ, తర్వాతే మాటలు."

"పొద్దున్నే తీపి నేను తాగను సత్తిబాబూ."

"ఆయ్, అలాగేనండి," అని రెండు చెప్పాడు. గ్లాసు అయిదు రూపాయలు. పైన మీగడ తరక తేలుతోంది. తాగాను, బావుంది. ఇక్కడ 'అలాగేనండి' అంటే ఒప్పుకున్నట్టు కాదని ఆ గ్లాసుతోనే నాకు తెలిసి ఉండాలి.

ఆషాఢం. గోదావరిలో కొత్తనీరు ఎర్రగా దిగుతోంది. వంతెన మీద బస్సులో సత్తిబాబు అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ ఆర్కెస్ట్రా యజమాని రాంబాబుగారు కొత్తగా కీబోర్డు కొన్నారు. అందులో గిటారు గొంతు కూడా ఉంది. సత్తిబాబు గిటారు పికప్ పాతబడి స్టేజీ మీద కుయ్‌మని కూస్తోంది. పెద్దాపురం జాతరలో వచ్చే శనివారం ప్రోగ్రాం. అక్కడ గిటారు మళ్ళీ అల్లరి చేస్తే, శ్రావణమాసం పెళ్ళిళ్ళకు ఇక గిటారిస్టు అక్కర్లేదని ఆయన చెప్పేశారు.

"అంటే నీ కొలువు ఈ పికప్ మీద ఉందన్నమాట."

"మీరొచ్చారు కదండీ," అన్నాడు. నదివైపు చూస్తూ అన్నాడు.

కొవ్వూరు

సత్తిబాబు ఇల్లు గట్టుకి దగ్గర్లో రెండు గదులు. భార్య మంగ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మేం పికప్‌లు పరీక్ష చేస్తామంటే మిషను ఆపేసి, చేతిలో సూదితోనే గడపలో కూర్చుంది.

రెండు పికప్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి రబ్బరు బ్యాండ్లతో తీగల కింద బిగించి, క్లిప్పులున్న వైర్లతో చిన్న స్పీకరుకి తగిలించాం. సత్తిబాబు రెగ్గే వరస అందుకున్నాడు. సింగిల్ కాయిల్‌తో 'చక్, చక్' మని విరిగింది. డబుల్ కాయిల్‌తో అదే వరస 'చుక్, చుక్' మని మెత్తగా పడింది.

"ఏంటమ్మా, ఏది బావుంది?" అన్నాను మంగని.

"నాకేం తెలుసు అన్నయ్యగారూ. మొదటిది వడియం విరిచినట్టుందండి. రెండోది గారె తుంచినట్టుందండి."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పికప్‌ల గురించి నేను చదివిన ఇంగ్లీషు పత్రికలన్నీ ఆ రెండు ముక్కలు చెప్పలేకపోయాయి. "వడియమే! రెగ్గేకి వడియమే కావాలి. పొడిగా విరగాలి, వెంటనే ఆగిపోవాలి," అన్నాను.

సత్తిబాబు రెండోదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. "పెద్దాపురంలో జనరేటరు మీద నడుపుతారండి. రంగుబల్బుల సీరియల్ సెట్లు గట్రా ఉంటాయండి. మరి..."

"మంచి పికప్ పెట్టుకుని కరెంటుకి భయపడతావా?"

"ఆయ్, అలాగేనండి," అని దాన్ని నా చేతికిచ్చేశాడు.

సింగిల్ కాయిల్ జబ్బు నాకు తెలియదని కాదు. ఇందాక మీకు చెప్పింది ఆ రోజూ నాకు తెలుసు. కానీ అది గది. గదిలో ఫ్యాను కూడా లేదు, కరెంటు కోత అయి అప్పుడే వచ్చింది, చుట్టుపక్కల మోటార్లింకా వేయలేదు. ఆ నిశ్శబ్దంలో విన్న శబ్దాన్ని నేను ప్రేమించాను. నేను ప్రేమించినదాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. మా ఆవిడ చీరలు కూడా నేనే ఎంచుతాను. ఆమె ఎప్పుడూ కాదనలేదు. నచ్చాయి గనకే కాదనలేదని చెప్పడానికి ఇప్పుడు నాకు ధైర్యం చాలడం లేదు.

భోజనంలో పనసపొట్టు కూర, ఆవ పెట్టింది. మా వైపు ఆవపిండి ఊరగాయకే గానీ కూరకెక్కదు. ముక్కుదాకా ఘాటెక్కి కళ్ళనీళ్ళు వస్తుంటే, "అన్నయ్యగారికి నచ్చినట్టుంది," అని మంగ ఇంకో గరిటె వేసింది.

భీమవరం పక్కన ఒక రొయ్యల చెరువు

ఆర్కెస్ట్రా వాళ్ళ పెద్ద యాంప్లిఫయరు భీమవరం పక్కన సూర్యనారాయణరాజుగారి చెరువుల దగ్గర షెడ్డులో ఉండిపోయింది. వాళ్ళింట్లో పెళ్ళికి వాయించి, వానొస్తే అక్కడే వదిలి వెళ్ళారట. గిటారూ నా సంచీ వెంటబెట్టుకుని దాన్ని తెచ్చుకోవడానికి వెళ్ళాం.

వరిచేలు పోయి చెరువులొచ్చిన నేల అది. ఎటు చూసినా చదరంగా కోసిన నీళ్ళు, నీళ్ళ మీద ఏరియేటర్లు. అంటే నీటిని చిలికి గాలి ఎక్కించే తెల్లటి చక్రాలు, మోటారుతో తిరుగుతాయి. బోరు వెయ్యి అడుగులు దింపినా తడి తగలని ఊరినుంచి వచ్చినవాణ్ణి. నీళ్ళకు ఊపిరాడ్డానికి కరెంటు ఖర్చుపెట్టడం చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"దయచేయండి, దయచేయండి! ముందు భోంచేద్దాం," అంటూ చెరువుగట్టు మీదున్న ఇంట్లోంచి రాజుగారు ఎదురొచ్చారు. భారీ మనిషి, తెల్లటి లుంగీ, తెల్లటి బనీను. టైము పదకొండు కూడా కాలేదు.

ఆ గోదావరి మర్యాద గురించి వినడం వేరు, దాని ముందు విస్తరేసుకుని కూర్చోవడం వేరు. రొయ్యల వేపుడు, రొయ్యలు-చింతచిగురు, కోడిపులుసు, చేప ఇగురు, పప్పు, ఆవకాయ. వడ్డించేవాళ్ళు విస్తరి చూడరు, మొహం చూస్తారు. మొహంలో ఇంకా ప్రాణం ఉంటే వడ్డిస్తారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. వద్దు అన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

"ఏంటండి, రాయలసీమ నుంచొచ్చి పిట్టలా తింటారేంటి? మావాళ్ళు సరిగ్గా వండలేదా?" అన్నారు రాజుగారు.

చెయ్యి కడుక్కుంటానని లేచి పెరటి గుమ్మంలోంచి షెడ్డులోకి పారిపోయాను. సత్తిబాబు ఇంకా విస్తరి ముందే ఉన్నాడు. గిటారూ యాంప్లిఫయరూ అక్కడే ఉన్నాయి గనక ఊరికే ఉండలేక సింగిల్ కాయిల్ తగిలించి స్విచ్చి వేశాను.

గుంయ్...

తీగ ముట్టుకోకుండానే. షెడ్డుకి పదడుగుల్లో ఏరియేటర్ల మోటార్లున్నాయి. వాటి రొదంతా పికప్‌లోకి దిగి, స్పీకర్లోంచి తుమ్మెదల దండులా వచ్చింది. డబుల్ కాయిల్ తగిలించాను. నిశ్శబ్దం. మళ్ళీ సింగిల్. మళ్ళీ గుంయ్.

తర్వాత నేను చేసిన పని ఇది. స్విచ్చి ఆపేశాను. వైర్లు చుట్టేశాను. లోపలికెళ్ళి, "షెడ్డులో చూశాను సత్తిబాబూ, వడియం భేషుగ్గా ఉంది," అన్నాను. సత్తిబాబు మజ్జిగ అన్నం కలుపుతూ తలెత్తి నన్ను చూశాడు. "ఆయ్. సంతోషమండి," అన్నాడు.

అంతటితో ఆగినా బావుండేది. రాజుగారి అమ్మాయి శిరీష కాలేజీలో చదువుతోంది, గిటారు నేర్చుకుంటున్నానంది. "మాకిక దీంతో పని లేదమ్మా, నువ్వుంచుకో," అని డబుల్ కాయిల్‌ని జేబురుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టాను. అమ్మాయి తండ్రి మొహం చూసింది. "పెద్దాయన ఇస్తుంటే తీసుకోమ్మా," అన్నారాయన. తీసుకుంది. దానం చేసిన నా మొహం ఎలా వెలిగిపోయి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. దాన్ని అక్కడ వదిలించుకుంటే నా నిర్ణయం తప్పని తేల్చే వస్తువు ఇక సంచిలో ఉండదు. అది దానం కాదు.

రామచంద్రపురం

ఆర్కెస్ట్రా రిహార్సలు రామచంద్రపురంలో. బస్సు కిటికీలోంచి ఊడ్పులు కనిపించాయి. మోకాలి లోతు బురదలో ఆడవాళ్ళు వరసగా వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తున్నారు. మా వైపు వేరుశనగ విత్తేవాళ్ళు ముందుకు నడుస్తారు. ఈ చిన్న తేడా నాకెందుకో చాలాసేపు గుర్తుండిపోయింది.

ఒక టీవీ మెకానిక్ కొట్లో సింగిల్ కాయిల్ అతికించాం. సత్తిబాబు గిటారులో గుంత వెడల్పుగా ఉంది, సింగిల్ కాయిల్ సన్నం. పక్కనున్న ఖాళీ మూయడానికి మెకానిక్ తన సబ్బు పెట్టె మూత కోసి బిగించాడు. గులాబీ రంగు మూత. నల్లటి గిటారు మీద అది పెదవికి రంగేసినట్టుంది.

"స్నానానికి రేపు మళ్ళీ కొనుక్కోవాలండి," అన్నాడు మెకానిక్, కోసేశాక.

వాన పట్టుకుంది, రిహార్సలు ఆగిపోయింది. కొట్టు చూరు కింద నిలబడి మిరపకాయ బజ్జీలు తింటుంటే, పెద్దాపురంలో ఏం వాయిస్తావని సత్తిబాబుని అడిగాను.

"మా నాయనమ్మ దంపుళ్ళ పాటండి. రాంబాబుగారు ఒక్క పాటకి ఒప్పుకున్నారు. ఇద్దరు ఆడోళ్ళు ఎదురెదురుగా దంచుతారు చూడండి, రోకలి కిందకి దిగినప్పుడు దెబ్బ. పైకి లేచినప్పుడు 'హుమ్' మని ఊపిరొదులుతారు. మీరు బెంగుళూరులో వినిపించారే, ఆ గిటారు నాకు ఆ 'హుమ్' లాగా వినపడిందండి. ఎక్కడో సముద్రాలవతల కూడా దంచుతారేమో అనుకున్నాను."

రెండేళ్ళుగా నేను అతనికి రెగ్గే గురించి పాఠాలు చెబుతూ వచ్చాను. నీకేం వినపడిందని ఒక్కసారీ అడగలేదు. అతన్ని ఏదైనా అడిగినది అదే మొదటిసారి, అదీ వాన పట్టింది గనక.

పెద్దాపురం

మరిడమ్మ జాతర రోజుల్లో ఊళ్ళో నడవాలంటే పక్కవాళ్ళ భుజాల మీద తేలిపోవడమే. జీళ్ళు, ఖర్జూరాలు, గాజులు, రంగుల రాట్నం. మేం వాయించాల్సిన స్టేజీ ఒక వీధి మొగలో ఉంది. పక్కనే పందిట్లో అమ్మవారి పటం. స్టేజీ చుట్టూ సీరియల్ లైట్లు. రంగుల బల్బులు పరుగెత్తి పువ్వులు విచ్చుకుంటున్నట్టు కట్టారు. వాటిని పరుగెత్తించేది స్టేజీ కింద తిరిగే ఒక చెక్క డ్రమ్ము. దాని మీద రాగి రేకులు, రేకుల్ని రాసుకుంటూ కడ్డీలు. రేకు తగిలినప్పుడల్లా చిటుక్కుమని నిప్పురవ్వ.

పొద్దు వాలుతుండగా మైకులు సరిచూసుకోవడానికి జనరేటరు వేశారు. సత్తిబాబు గిటారు తగిలించాడు.

గుంయ్ మంది. దాని మీద డ్రమ్ము తిరుగుడుకి టకటకటకటక. రాజుగారి షెడ్డులో విన్నది దీని ముందు జోలపాట.

కీబోర్డు దగ్గర నిలబడ్డ రాంబాబుగారు, నున్నగా దువ్విన జుట్టు, నుదుటిన బొట్టు, చెయ్యెత్తారు. "ఏంటి సత్తిబాబూ ఇది? కొత్తది పెట్టించావన్నావుగా?"

"పెట్టించానండి."

"పాతది కూసేది. ఇది ఏడుస్తోంది."

సత్తిబాబుని స్టేజీ వెనక్కి లాక్కెళ్ళాను. "నాకు ముందే తెలుసు. షెడ్డులో మోటార్ల దగ్గర ఇలాగే మోగింది. నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

సత్తిబాబు గిటారు పట్టీ సర్దుకున్నాడు. "నాకూ తెలుసండి."

"ఎలా?"

"విస్తరి ముందు కూర్చున్నాను కదండీ. కిటికీలోంచి వినపడింది. ఒకసారి గుంయ్, ఒకసారి లేదు, మళ్ళీ గుంయ్. మీరు మార్చి మార్చి చూస్తున్నారనుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా సత్తిబాబూ!"

"అంత దూరం నుంచి మోసుకొచ్చారు. బావుందన్నారు. పెద్దవారిని పట్టుకుని బాలేదని ఎలా అంటామండి?"

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి ఏదీ రాలేదు. కొలువు పోతుందని తెలిసీ, అతిథి మాట కాదనడం కన్నా అదే నయమనుకున్న మనిషి నా ముందున్నాడు. అతని మర్యాద మీద కోప్పడే హక్కు, దాన్ని వాడుకున్న నాకెక్కడిది?

లైట్లు ఆ ఒక్క పాటకి ఆపించమని అడుగుదామని ఇద్దరం వెళ్ళాం. లైటింగ్ అతను తల అడ్డంగా ఊపాడు. అవి కాంతమ్మగారి మొక్కు లైట్లు. ఈ వీధిలోనే బెల్లం వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది. పెద్దావిడకి కంటి ఆపరేషనైంది. చూపొస్తే అమ్మవారికి దీపాలు కట్టిస్తానని మొక్కుకుంది. వెలిగించాక తెల్లారేదాకా ఆర్పకూడదు.

కాంతమ్మగారు స్టేజీ ముందు మొదటి కుర్చీలోనే ఉంది, కళ్ళకి నల్లద్దాలతో. పక్కన కొడుకు నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు. ఆవిణ్ణి అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

సత్తిబాబు మళ్ళీ స్టేజీ ఎక్కి, గిటారు మోగుతుండగానే మెల్లగా ఒళ్ళు తిప్పడం మొదలుపెట్టాడు. సింగిల్ కాయిల్‌కి ఇదొక గుణం, ఒక దిక్కున మొహం పెడితే రొద తగ్గుతుంది. కుడివైపు తిరిగితే పెరిగింది. ఎడమకి తిరిగాడు, తగ్గింది. ఇంకా తిరిగాడు. సరిగ్గా అమ్మవారి పటానికి ఎదురుగా, జనానికి పక్కగా నిలబడ్డప్పుడు గుంయ్ దాదాపు పోయింది. టకటక మిగిలింది.

జనం చేరారు. మూడో పాట తర్వాత రాంబాబుగారు మా పాట ప్రకటించారు. సత్తిబాబు పటం వైపు తిరిగి నిలబడగానే కింద ఎవరో, "చూడండి, ఎంత భక్తో!" అన్నారు. నేను తల వంచుకున్నాను.

టకటకటకటక. డ్రమ్ము వేగానికి, రోకటి పాట నిదానానికి పొత్తు కుదరడం లేదు. రెండు వరసలు వాయించి సత్తిబాబు ఆగిపోయాడు. రాంబాబుగారి చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది.

అప్పుడు కాంతమ్మగారి గొంతు వినపడింది. "ఒరేయ్ అబ్బాయ్, ఏంట్రా ఆ పరుగు? లైట్లు చూద్దామంటే కళ్ళు తిరుగుతున్నాయి. కాస్త నిదానంగా తిప్పమనరా. నేనేమన్నా రైలెక్కాలా?"

కొడుకు పరుగున వచ్చి చెప్పాడు. లైటింగ్ అతను డ్రమ్ము మోటారుకి కట్టిన ఫ్యాను రెగ్యులేటరు తిప్పాడు. బల్బులు నడక అందుకున్నాయి. పువ్వు తీరిగ్గా విచ్చుకుంది. టక్... టక్... టక్.

సత్తిబాబు తల కొంచెం పక్కకి వంచాడు. రెండు టక్‌లు పోనిచ్చాడు. తర్వాత వాటి మధ్య ఖాళీలో, చక్.

టక్, చక్. టక్, చక్. లైట్లు దంచుతుంటే గిటారు ఊపిరొదులుతున్నట్టు. ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి సత్తిబాబు నాయనమ్మ పాట ఎత్తుకుంది. మొదటి చరణానికే కాంతమ్మగారి పాదం నేలని తట్టింది. రెండో చరణానికి వెనక వరసల్లో ఆడవాళ్ళు 'హుమ్' అన్నారు, ఎవరూ అనమనకుండానే. నేను క్యాసెట్లలో విన్న రెగ్గే ఇది కాదు. ఇది నాకు తెలియని రెగ్గే.

దిగాక రాంబాబుగారు సత్తిబాబు భుజం మీద చెయ్యి వేశారు. "ఆ పాట మన లిస్టులో ఉంటుంది. కానీ ప్రతి ఊళ్ళో కాంతమ్మగారు కూర్చోరు. ఆ రొద తీయించు. తీయిస్తే శ్రావణం పెళ్ళిళ్ళకి నువ్వే. లేకపోతే నన్ననుకోకు."

మర్నాడు పొద్దున టీ బడ్డీ దగ్గర సత్తిబాబుని అడిగాను. "నీ గిటారు, నీ కొలువు. నాకోసం చెప్పకు. ఏది కావాలి?"

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఈ వడియం నాకు వద్దండి," అన్నాడు. అని, తప్పు చేసినవాడిలా నావైపు చూశాడు. "గారె కావాలండి."

గోదావరి జిల్లాల్లో అడుగుపెట్టాక నాతో ఎవరైనా అన్న మొదటి 'వద్దు' అది. ఇంకో టీ చెప్పాను.

మళ్ళీ చెరువు దగ్గర

గారె శిరీష దగ్గరుంది. నేను తిరిగి అడుగుతానంటే సత్తిబాబు హడలిపోయాడు. "ఇచ్చింది వెనక్కి అడుగుతారాండీ? రాజుగారింట్లోనా? బెంగుళూరు నుంచి ఇంకోటి పంపండి గురువుగారూ, ఆలస్యమైనా పర్లేదు." శ్రావణం వారం రోజుల్లో ఉంది. అతన్ని కొవ్వూరు పంపించి, నేనొక్కణ్ణే భీమవరం వెళ్ళాను.

రాజుగారు నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. విస్తరి వేయించారు. ఈసారి పారిపోలేదు. విస్తరి ముందు కూర్చున్నంతసేపూ బయట మోటార్ల రొద వింటూనే ఉన్నాను. నిజమే, కిటికీలోంచి అన్నీ వినపడతాయి. మజ్జిగ దాకా తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు అడిగాను. ఇవ్వకూడని పద్ధతిలో ఇచ్చానని, ఇప్పుడు అవసరం పడిందని, సిగ్గు విడిచి అడుగుతున్నానని.

శిరీష లోపలికి వెళ్ళి అదే జేబురుమాలు తెచ్చింది. ముడి కూడా నేను వేసినదే.

"విప్పి చూడలేదామ్మా?"

అమ్మాయి తండ్రివైపు చూసింది. తర్వాత నవ్వేసింది. "నాది మామూలు చెక్క గిటారండి. కరెంటుది కాదు. ఇది నాకు పనికిరాదండి."

"ఆ రోజే చెప్పొచ్చుగా తల్లీ!"

"అంత ఇష్టంగా ఇస్తుంటే ఎలా చెప్తామండి?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. పూతరేకుల పొట్లం నా సంచిలోకి ఎప్పుడు చేరిందో తెలియదు.

కొవ్వూరులో గారె బిగించాక, సబ్బు పెట్టె మూత అవసరం లేకపోయింది. సత్తిబాబు చెయ్యి తీగల చివరికి జరిపి, అరచేత్తో గట్టిగా నొక్కుతూ వాయించాడు. మెత్తదనం కొంత తగ్గింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాను మంగతో.

"ఇంకాస్త వేయిస్తే గారె కూడా కరకరలాడుద్ది అన్నయ్యగారూ. వేయించేవాళ్ళని బట్టండి."

నాకింకా వడియమే నచ్చింది. చెప్పలేదు. అది నా గిటారు కాదు.

అనంతపురం

సింగిల్ కాయిల్ ఇప్పుడు ఇంట్లో నా గిటారులో ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ ఎంతో చక్కగా విరుగుతుంది. పక్కింటివాళ్ళు బోరు మోటారు వేస్తే మాత్రం గుంయ్ మంటుంది. మొదట్లో విసుక్కుని స్విచ్చి ఆపేసేవాణ్ణి. ఇప్పుడు ఆపను. తీగల మీద చెయ్యి పెట్టి, ఆ రొద కాసేపు వింటాను. విస్తరి ముందు కూర్చుని, మజ్జిగ అన్నం కలుపుతూ, ఇదే రొద విని, తలెత్తి నన్ను చూసి, "సంతోషమండి" అన్న మనిషి గుర్తొస్తాడు. మోటారు ఆగాక, వంటింట్లో ఉన్న మా ఆవిడని కేకేసి అడుగుతాను, ఇప్పుడు వాయించింది బావుందా అని.

"బావుంది," అంటుంది.

ఇంకోసారి అడుగుతాను.